చావు ముందు నమ్మిన చిన్నాయనకూ పరలోకమే, జీవితమంతా చర్చికి పోయిన అమ్మకూ పరలోకమే అయితే ఇదేం లెక్క?

పెన్నేటి_గట్టు
మాది ప్రొద్దుటూరు పక్కన పల్లె, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) కుటుంబం. మా చిన్నాయన పోయిన నెల లివర్ చెడిపోయి ఆసుపత్రిలో చనిపోయాడు. ఎలాంటి మనిషో ఊరంతా తెలుసు కాబట్టి దాచేదేం లేదు. తాగుడు, పేకాట, వీటన్నిటికీ మించి చీటీలు నడిపి నలుగురి డబ్బు ముంచాడు. పసిబిడ్డగా ఉన్నప్పుడు బాప్తిస్మం ఇచ్చారు, అంతే. ఆ తర్వాత పెండ్లిళ్లకు, క్రిస్మస్ బిర్యానీకి తప్ప చర్చి గడప తొక్కలేదు.

చివరి రోజుల్లో మా పాస్టరయ్య పోయి మంచం పక్కన కూర్చుంటే చెయ్యి పట్టుకుని ఏడ్చాడంట. "యేసయ్యా, నన్ను క్షమించు" అన్నాడంట. ఆదరణ కూడికలో అయ్యగారు బైబిల్లో ఎఫెసీ పత్రిక 2:8 తీసి "మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు" అని చదివి, మన సహోదరుడు ఈ పొద్దు ప్రభువు దగ్గర ఉన్నాడు అని గట్టిగా చెప్పారు. అందరూ ఆమేన్ అన్నారు.

మా అమ్మ అనలేదు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటూ ఒకటే మాట అడిగింది: "ఆయప్ప కడాన ఒక్క మాటతో పోతే, నేను ఇన్నేండ్లు ఎందుకు చేసినట్టు?" అమ్మ మిషన్ కుట్టగా వచ్చిన దాంట్లో దశమభాగం తీసి పాత బోర్న్‌వీటా డబ్బాలో వేసి ఆదివారం తీసుకుపోయే మనిషి. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాలు మొత్తం ఒంటిపూట తింటుంది. మా జేజి మంచాన పడితే ఎత్తి పోసింది అమ్మే, కన్నకొడుకు చిన్నాయన కాదు.

ఇంకొకటి. చీటీలో మునిగినవాళ్లలో పూలమ్ముకునే ఆమె ఒకరు. 1,80,000 రూపాయలు, కూతురి పెండ్లికి దాచుకున్నది. ఆమె కూడా కూడికకు వచ్చింది. చిత్రాన్నం వడ్డిస్తే ముట్టలేదు. ఇస్తరాకు అట్లనే మడిచి గోడ పక్కన పెట్టి లేచిపోయింది.

వాక్యాలు నాకూ వచ్చు, వాటి కోసం అడగడం లేదు. అమ్మకు ఏం చెప్పాలి?

ఉగ్గాని_బజ్జి
అమ్మ అడిగింది నూటికి నూరుపాళ్లు కరెక్ట్ ప్రశ్న. ఇది పది పేజీలు పోతుంది చూడండి. నేను ప్లేటు పట్టుకుని కూర్చున్నా.

కొండారెడ్డి_బురుజు
వాక్యాలు వద్దంటే ఎట్లా బ్రదర్? జవాబు అక్కడే ఉంటే! ఎఫెసీ 2:8 పక్కనే 9 ఉంది: "అది క్రియలవలన కలిగినది కాదు గనుక ఎవడును అతిశయపడ వీలులేదు." ఆ పత్రిక రాసిన పౌలే రోమా 4లో ఇంకా తేటగా చెప్పాడు. పని చేసినవాడికి ఇచ్చేది జీతం, అది ఇవ్వాల్సిన బాకీ. దేవుడు ఇచ్చేది జీతం కాదు, దానం. యేసు పక్కన సిలువ మీద దొంగకు బాప్తిస్మం లేదు, దశమభాగం లేదు, ఒక్క ఆదివారం ఆరాధన లేదు. "నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు" అన్నాడు ప్రభువు. అమ్మగారు ఇన్నేళ్లు చేసింది కూలి కోసం అయితే అది విశ్వాసం కాదు. కఠినంగా ఉన్నా సత్యం అదే.

నంద్యాల_టీచరమ్మ
బురుజు గారూ, సత్యం చెప్పడానికి ఒక పద్ధతి ఉంటుంది. మంచాన పడ్డ అత్తగారికి చాకిరీ చేసిన ఇల్లాలిని కూలి కోసం చేశావా అని అడుగుతారా? ఆమె కూలి అడగలేదు, అన్యాయం కనిపించి నోరు తెరిచింది.

లూకా 15లో తన వాటా తీసుకుపోయి తగలేసి తిరిగొచ్చిన తప్పిపోయిన కొడుకు గురించి అందరూ ప్రసంగిస్తారు. ఇంట్లోనే ఉండి చాకిరీ చేసిన పెద్దకొడుకు దగ్గరికి వచ్చేసరికి వాడొక అసూయపరుడని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. అక్కడ తండ్రి ఏం చేశాడో చూడండి. చిన్నవాడికి ఎదురు పరుగెత్తినట్టే, అలిగి బయట నిలబడ్డ పెద్దవాడి కోసం కూడా విందు వదిలి బయటికి వచ్చాడు. తిట్టలేదు, బతిమాలుకున్నాడు. "కుమారుడా, నీవెల్లప్పుడును నాతోకూడ ఉన్నావు, నావన్నియు నీవి" అన్నాడు. పెద్దకొడుకు లోపలికి వెళ్లాడో లేదో యేసు చెప్పలేదు, కథ అక్కడే ఆపేశాడు. అమ్మగారు ఇప్పుడు ఆ వాకిట్లో నిలబడి ఉన్నారు. ఆమెకు వాక్యం అప్పజెప్పేవాడు అక్కర్లేదు, బయటికి వచ్చి పక్కన నిలబడేవాడు కావాలి.

పెన్నేటి_గట్టు
టీచరమ్మ గారూ, ఈ మాట ఆదరణ కూడికలో ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

సీమ_టపాకాయ్
నేను దేవుణ్ణి నమ్మను, ముందే చెప్తున్నా. పెద్దకొడుకు, చిన్నకొడుకు అంతా బాగానే ఉంది. ఆ కథలో చిన్నోడు తిన్నది సొంత వాటా. పూలామె వాటా కాదు. తండ్రి క్షమించడం తండ్రి ఇష్టం. పూలామె డబ్బు తిన్నవాణ్ణి క్షమించడానికి పైనున్నాయన ఎవరు? డబ్బు పోయింది ఆయనకా, ఆమెకా?

కొండారెడ్డి_బురుజు
పాపం ఎవరి మీద చేసినా చివరికి దేవుని మీదే. కీర్తన 51 చదవండి. "నీకు కేవలము నీకే విరోధముగా నేను పాపము చేసియున్నాను" అంటాడు దావీదు.

సీమ_టపాకాయ్
అది దావీదు ఊరియా పెండ్లాం కోసం ఊరియాను చంపించిన తర్వాత రాసిన కీర్తన అని మీవాళ్లే చెప్తారు కదా. ఊరియాని అడగండి, "కేవలము నీకే" అంటే ఒప్పుకుంటాడేమో.

ఉగ్గాని_బజ్జి
ఇంకో ప్లేటు చెప్పండి.

కర్నూలు_దక్కనీ
మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. టపాకాయ్ భాయ్ అడిగిన దానికి మా దాంట్లో సీదా జవాబు ఉంది. అల్లా హక్కు వేరు, బందాల, అంటే మనుషుల, హక్కు వేరు. అల్లా హక్కులో లోటు చేస్తే తౌబా (పశ్చాత్తాపం) చేసుకో, ఆయన మాఫ్ చేస్తాడు. మనిషి హక్కు తింటే ఆ మనిషి మాఫ్ చేయాలి, లేదా నువ్వు తిరిగి ఇవ్వాలి. షహీద్‌కి (ధర్మం కోసం ప్రాణమిచ్చినవాడికి) కూడా అప్పు తప్ప అన్నీ మాఫ్ అని ప్రవక్త గారి మాట, హదీసు. ప్రవక్త గారు అప్పు ఉంచి చనిపోయిన ఒకాయన మయ్యత్‌కి నమాజు చదివించకుండా ఆగిపోతే, ఒక సహాబీ, అంటే ఆయన సహచరుడు, ఆ అప్పు నాది అని నెత్తికెత్తుకున్న తర్వాతే చదివించారు. ఇప్పటికీ మా మొహల్లాలో జనాజా (శవాన్ని సాగనంపే) నమాజు దగ్గర ఇంటిపెద్ద నిలబడి, మా నాయన ఎవరికైనా బాకీ ఉంటే నాకు చెప్పండి, నేనిస్తా అని అడుగుతాడు. మీ చిన్నాయన కూడికలో ఆ మాట ఎవరైనా అడిగారా?

పెన్నేటి_గట్టు
అడగలేదు దక్కనీ అన్నా. అసలు తగువు అక్కడే ఉంది, మొదట రాయడానికి మొహమాటపడ్డా. పూలామె పదకొండో రోజు ఇంటికొచ్చి మా చిన్నాయన కొడుకును అడిగింది. వాడు ఏమన్నాడో తెలుసా? "మా నాన్నను దేవుడే క్షమించేశాడు, పాస్టరయ్య అందరి ముందూ చెప్పినాడు, ఇంక మీరెందుకు లెక్కలు తవ్వుతారు" అన్నాడు. అమ్మ అప్పుడు అక్కడే ఉంది. అప్పటి నుంచి ఆదివారం చర్చికి పోతోంది కానీ పాట పాడటం లేదు.

నంద్యాల_టీచరమ్మ
అయ్యో.

ఉగ్గాని_బజ్జి
జోకులు ఆపేశా. వాణ్ణి ఏమనాలో కూడా తెలియట్లేదు.

కొండారెడ్డి_బురుజు
అది కృప కాదు. కృపను అడ్డం పెట్టుకున్న దొంగతనం. ఈ విషయంలో నాకూ టపాకాయ్ గారికీ తేడా లేదు. రోమా 6 మొదట్లోనే పౌలు అడిగాడు, కృప విస్తరించాలని పాపంలోనే నిలిచి ఉందామా అని. అట్లనరాదు అన్నాడు. ఆయన కాలంలోనే ఇట్లాంటి తెలివిగాళ్లు ఉన్నారన్నమాట.

జక్కయ్యను చూడండి. సుంకరి, అంటే పన్నులు వసూలు చేసేవాడు, జనాన్ని పీడించి డబ్బు చేసుకున్నవాడు. యేసు వాడి ఇంటికి పోయినప్పుడు డబ్బు తిరిగి ఇస్తేనే వస్తాననలేదు. ముందు ఇంటికి పోయాడు. ఆ తర్వాత జక్కయ్య లేచి, నా ఆస్తిలో సగం బీదలకు, ఎవరి దగ్గర అన్యాయంగా తీసుకుని ఉంటే వాళ్లకు నాలుగంతలు అన్నాడు. "నేడు ఈ యింటికి రక్షణ వచ్చియున్నది" అనే మాట దాని తర్వాత వచ్చింది. డబ్బిచ్చి రక్షణ కొనలేదు. రక్షణ వచ్చిన ఇంట్లో డబ్బుసంచి మూతి దానంతటదే తెరుచుకుంది.

మరియాపురం_కడప
బురుజు అన్న ఈ పోస్టు మా ఫాదర్ రాసినట్టే ఉంది. కతోలికులు మంచిపనులతో మోక్షం కొనుక్కుంటారని మమ్మల్ని ఎన్ని మాటలంటారో, చివరికి తిరిగి తిరిగి మీరూ అక్కడికే వచ్చారు. గురువు ముందు పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో మా దగ్గర క్షమాపణతో పని అయిపోదు. దొంగిలించింది తిరిగి ఇమ్మని గురువు చెప్తాడు, ప్రాయశ్చిత్తం ఇస్తాడు. పాపం పోయినా అది చేసిన గాయం మిగులుతుంది, దాన్ని మాన్పాలి. బతికుండగా మాన్పలేనిది, పరలోకానికి ముందు ఆత్మ శుద్ధి అయ్యే ఉత్తరించు స్థలంలో తీరుతుంది. మీ చిన్నాయన నరకానికి పోయాడని మేమనం. నేరుగా విందులో కూర్చున్నాడనీ అనం. ఆ నడిమి స్థలం మీరు తీసేశారు కాబట్టి మీ పాస్టరయ్యకు వేరే మాట దొరకలేదు.

కొండారెడ్డి_బురుజు
ఆ నడిమి స్థలం పేరు చెప్పి పాపపరిహార పత్రాలు అమ్మబట్టే కదా 1517లో లూథర్ కతోలిక సభ మీద లేచి ప్రొటెస్టంటు ఉద్యమం మొదలైంది! పెట్టెలో పైసా పడితే ఆత్మ ఎగిరిపోతుందన్న వ్యాపారం ఎవరిది? మా పిల్లిగడ్డం మిషనరీలదా?

మరియాపురం_కడప
ఆ వ్యాపారాన్ని మా కతోలిక పెద్దల ట్రెంట్ సభే ఆపించింది అన్నా. ఐదొందల ఏళ్ల నాటి బాకీ ఎంతకాలం వసూలు చేస్తారు? అదే ట్రెంట్ సభ 1547లో నీతిమంతులుగా తీర్చబడటం గురించి ఇచ్చిన డిక్రీలో మొదటి కానను (నియమం) ఏంటో చూడండి. క్రీస్తు కృప లేకుండా మనిషి తన సొంత పనులతో దేవుని ముందు నీతిమంతుడు కాగలడని ఎవరైనా అంటే వాడు వెలి. మొట్టమొదటి మాటే అది. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ సమాఖ్య, కతోలిక సభ కలిసి సంతకం కూడా పెట్టాయి: మన యోగ్యత వల్ల కాదు, కృప వల్లనే దేవుడు మనల్ని అంగీకరిస్తాడు, అదే కృప మనల్ని మంచిపనులకు పిలుస్తుంది అని. 2006లో మెథడిస్టులు కూడా చేరారు. లూథర్ పిల్లలు రాజీ పడ్డాక కర్నూల్లో మనమెందుకు కత్తులు నూరాలి?

కొండారెడ్డి_బురుజు
మేం బాప్టిస్టులం, ఆ సంతకం మాది కాదు.

ఉగ్గాని_బజ్జి
హహ. ఊరికే ఉందామనుకుంటా, ఉండనివ్వరు కదా.

గుత్తి_కోట
స్తోత్రం. మా మామయ్య ఒకాయన ఉన్నాడు. ఏటా వేసవి కన్వెన్షన్‌లో చివరి రాత్రి పాస్టరు, ఎవరైతే ఈ రాత్రి రక్షణ పొందాలనుకుంటున్నారో చేతులెత్తండి అంటే మొదటి చెయ్యి ఆయనదే. జూన్ వచ్చేసరికి మళ్లీ వైన్‌షాపు. మా అత్త చాలాకాలం ఏడ్చింది, ఇప్పుడు నవ్వుతుంది. "మీ మామ సీజనల్ విశ్వాసి" అంటుంది. ఆయన చనిపోయే రోజు మేలో పడితే పరలోకం, ఆగస్టులో పడితే నరకమా? నిజంగానే అడుగుతున్నా.

కొండారెడ్డి_బురుజు
నిజంగా రక్షించబడినవాణ్ణి ప్రభువు చేతిలో నుంచి ఎవడూ లాక్కోలేడు, యోహాను 10:28. మామయ్య ఇంకా రక్షించబడలేదు, అంతే.

గుత్తి_కోట
మా సంఘంలో హెబ్రీ 6 చదువుతారు బ్రదర్. ఒకసారి వెలిగించబడి, పరలోక వరం రుచి చూసి తప్పిపోయినవాళ్ల గురించి. పోగొట్టుకోవచ్చు.

కొండారెడ్డి_బురుజు
దానికి వేరే అర్థం ఉంది, పెద్ద చర్చ.

మోడరేటర్_సీమ
పెద్ద చర్చే. వేరే థ్రెడ్ ఇప్పటికే ఉంది, అక్కడ కొట్టుకోండి.

రిటైర్డ్_హిస్టరీ_సార్
చావు ముందు రక్షణ అనేది ప్రొద్దుటూరు సమస్య అనుకోకండి. రోమా చక్రవర్తి కాన్‌స్టాంటైన్ క్రైస్తవానికి అంత అండగా నిలిచి, సభలు జరిపించి, తాను మాత్రం బాప్తిస్మం పుచ్చుకున్నది 337లో, మరణశయ్య మీద. ఆ కాలంలో అలా చాలామంది ఆలస్యం చేసేవారు. బాప్తిస్మం గత పాపాలన్నీ కడిగేస్తుంది కాబట్టి, ఎంత ఆఖర్లో తీసుకుంటే అంత లాభం అని లెక్క! చక్రవర్తి అంటే చేతికి నెత్తురు అంటుకునే ఉద్యోగం మరి.

మన దగ్గర దీనికి సరిగ్గా ఎదురు కథ ఒకటి ఉంది. 1876-78 కరువులో కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలు శ్మశానాలైపోయాయి. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ పని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. కర్నూలు బాప్టిస్టులదీ ఆ మిషనే. కరువు పని నడిచినన్నాళ్లూ జనం బాప్తిస్మం అడుగుతూనే ఉన్నారు, ఆయన ఇవ్వలేదు. గంజి కోసం నమ్మారన్న మాట వాళ్ల మీద పడకూడదని. సాయం ఆగిపోయాక కూడా వచ్చి నిలబడ్డవాళ్లకు ఇచ్చాడు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది. కృప ఉచితం అని ప్రకటించే మనిషే నమ్మకాన్ని పరీక్షించడానికి నెలల తరబడి ఆగాడు. అది తప్పా ఒప్పా అని నేను తీర్పు చెప్పను. ఉచితమైనదాన్ని ఎలా పంచాలో పంచేవాళ్లకు ఎప్పుడూ తలనొప్పే.

సీమ_టపాకాయ్
సార్, మీ పోస్టులకు మాత్రం నేను దండం పెడతా. ఆ ఆగిన నెలల్లో బాప్తిస్మం లేకుండా ఆకలితో చచ్చినవాళ్ల సంగతి కూడా చెప్పండి మరి.

రిటైర్డ్_హిస్టరీ_సార్
బురుజు గారి సిద్ధాంతం ప్రకారం వాళ్లకు సిలువ మీద దొంగ దారి ఉంది. ఆ ప్రశ్న నాకంటే ఆయనకే సులభం.

అనంత_సిస్టరమ్మ
నేను నర్సుగా చేసి రిటైరయ్యాను, ఎక్కువకాలం మెడికల్ వార్డులోనే. లివర్ పోయిన తాగుబోతులను చివర్లో చూసింది ఎక్కువ మేమే. ఒక విషయం ఎవరూ ఎత్తలేదు. ఆ స్థితిలో రక్తంలో విషాలు పేరుకుని మెదడు మీద పడతాయి. చేతులు రెక్కల్లా కొట్టుకుంటాయి, పగలు నిద్ర, రాత్రి మెలకువ, మనుషులను పోల్చుకోలేరు. ఒక పూట తేటగా మాట్లాడతారు, మరో పూట భార్యను పట్టుకుని ఎవరు నువ్వు అంటారు. ఆయన ఏ పూట ఆ మాట అన్నాడో మనకు తెలియదు. అందుకే కూడికలో అంత గట్టిగా ఫలానా చోట ఉన్నాడని ప్రకటించడం నాకు నచ్చదు. లేడని చెప్పడమూ నచ్చదు.

ఇంకో మాట. మంచం మీద ఏడ్చి ఒప్పుకున్నవాళ్లలో కొందరు బతికి ఇంటికి పోతారు. వాళ్లను బట్టి నాకు కొంచెం అర్థమైంది. ఒకాయన డిశ్చార్జి అయిన వారానికే మళ్లీ తాగి అదే బెడ్డు మీదికి వచ్చాడు. ఇంకొకాయన బళ్లారి రోడ్డులో టీ బండి పెట్టుకుని, తను ముంచినవాళ్లకు నెలకు ఇంతని కడుతూ వచ్చాడు. మొత్తం తీరకముందే పోయాడు. మంచం మీద ఇద్దరి ఏడుపూ ఒకేలా ఉండింది. నేను పక్కనే నిలబడి సెలైన్ మారుస్తూ విన్నదాన్ని, తేడా చెప్పలేకపోయాను. దేవుడికి తెలుస్తుందేమో.

పెన్నేటి_గట్టు
సిస్టరమ్మా, పిన్నమ్మ కూడా అదే చెప్పింది. కొన్నిసార్లు ఆమెను కూడా పోల్చుకోలేదంట.

నంద్యాల_టీచరమ్మ
సిస్టరమ్మ చెప్పిన టీ బండి ఆయన్ను చూశాక యాకోబు పత్రికలో చిక్కు చాలావరకు విడిపోతుంది. పౌలు క్రియలు లేకుండా అంటాడు, యాకోబు విశ్వాసం మాత్రమే కాదు అంటాడు, ఇద్దరూ సాక్ష్యానికి తెచ్చేది ఒక్క అబ్రాహామునే. పౌలు పట్టుకున్నది ఆదికాండం 15, ఆకాశంలో చుక్కలు చూసి నమ్మిన రాత్రి. అప్పటికి సున్నతి లేదు, ఇస్సాకు లేడు. యాకోబు పట్టుకున్నది 22, కొడుకును బలిపీఠం మీద పెట్టిన రోజు. మధ్యలో ఏళ్లకేళ్లు గడిచాయి. పౌలు ఆ నమ్మకం ఎక్కడ పుట్టిందో చెప్తున్నాడు, యాకోబు అది బతికే ఉందా లేదా అని నాడి పట్టి చూస్తున్నాడు. అబ్రాహాము చుక్కలు చూసిన రాత్రే చనిపోయి ఉంటే? నమ్మకం నీతిగానే ఎంచబడేది, యాకోబుకు మాత్రం చూపించడానికి ఏమీ ఉండేది కాదు. మీ చిన్నాయన అలా పోయాడేమో. ఏమో అనే అంటున్నా.

ఎఫెసీ 2:8, 9 ప్రతి గోడ మీదా రాసుకుంటాం. 10 ఎవరూ రాయరు. దేవుడు ముందుగా సిద్ధపరచిన సత్‌క్రియలు చేయడానికే మనం సృష్టింపబడ్డామని ఉంది అందులో. అమ్మగారు జేజికి ఎత్తి పోసింది ఆ పదో వచనంలో ఉంది.

మరియాపురం_కడప
టీచరమ్మ గారు కతోలికురాలా?

నంద్యాల_టీచరమ్మ
కాదు బాబూ. ఎనిమిది దగ్గర ఆగకుండా పదిదాకా చదివినదాన్ని, అంతే.

కొండారెడ్డి_బురుజు
పదో వచనం గురించి టీచరమ్మతో ఏకీభవిస్తా. అయితే అది చెట్టుకు వేరు కాదు, కాయ. కాయ లేదని చెట్టును నరికే హక్కు మనకు లేదు. 1937లోనే బోన్‌హోఫర్ అనే జర్మన్ లూథరన్ బోధకుడు దీన్ని చవక కృప అని తిట్టాడు, మారుమనస్సు లేకుండా క్షమాపణ పంచిపెట్టడాన్ని. ఆయన హిట్లర్‌ను ఎదిరించి 1945లో ఉరికంబం ఎక్కాడు. కృప మనకు ఉచితం, ఇచ్చినవాడికి చవక కాదు. ఆదరణ కూడికలో ఆ రెండో ముక్క వదిలేస్తే మీ తమ్ముడి లాంటివాళ్లే తయారవుతారు.

అహోబిలం_దారి
వైష్ణవుణ్ణి, చర్చి సంగతులు తెలియవు. చదువుతుంటే మా ఇంటి తగువు విన్నట్టే ఉంది కాబట్టి రాస్తున్నా. శరణాగతి విషయంలో శ్రీవైష్ణవులు రెండుగా చీలింది ఇదిగో ఈ ప్రశ్న మీదే. వడగలై వాళ్లది కోతిపిల్ల న్యాయం. తల్లి దూకుతుంది, పిల్ల పొట్టకు కరుచుకుని ఉండాలి, ఆ పట్టు పిల్లది. తెంగలై వాళ్లది పిల్లికూన న్యాయం. కూన ఏమీ పట్టుకోదు, తల్లి నోట కరుచుకుని పోతుంది. వడగలై వైపు ఆచార్యుడు వేదాంత దేశికులు, తెంగలై వైపు పిళ్లై లోకాచార్యులు. మా అహోబిల మఠం వడగలై సంప్రదాయం, అంటే మేము కోతి పక్షం. రెండువైపులా మహా పండితులే, శతాబ్దాలుగా తేలలేదు. మీ థ్రెడ్‌లో రేపటికి తేలుతుందని ఆశపడకండి.

ఒక తేడా మాత్రం చెప్పాలి. మాకు పునర్జన్మ ఉంది, కర్మ లెక్క ఉంది. శరణాగతి చేసినవాడికి ఆ లెక్క భగవంతుడు కొట్టేస్తాడంటాం. అయినా కొట్టేశాడు కదా అని ఇంకొకడి పొలంగట్టు జరపమని ఏ ఆచార్యుడూ చెప్పలేదు.

గుత్తి_కోట
మా మామయ్య ఏ పక్షమో ఇప్పుడు తెలిసింది. పిల్లి నోట కరుచుకుంటుంది, ఈయన కిందికి దూకుతుంటాడు.

ఉగ్గాని_బజ్జి
గుత్తి అన్నా, నువ్వు గెలిచావు ఈ రోజు.

కోర్టు_సెంటర్_అనంతపురం
వేదాంతం అయిపోతే నా పనికొచ్చే ముక్క ఒకటి. చనిపోయినవాడి అప్పుకు కొడుకు సొంత సంపాదన నుంచి కట్టాల్సిన పని చట్టప్రకారం లేదు. అయితే తండ్రి నుంచి వచ్చిన ఆస్తి ఎంత ఉందో అంతమేరకు వారసులు బాధ్యులు. చిన్నాయన పేరుమీద ఇల్లు, స్థలం ఏమైనా ఉన్నాయా? పూలామె దగ్గర చీటీ పుస్తకం, సంతకం పెట్టిన కాగితం ఏదైనా ఉందా? డబ్బు దావాకు మామూలుగా మూడేళ్ల గడువు ఉంటుంది, అది దాటకముందే ఆమెను ఒక లాయరు దగ్గరికి తీసుకుపోండి. లీగల్ సర్వీసెస్ అథారిటీలో ఆడవాళ్లకు ఉచితంగా లాయర్ని ఇస్తారు.

పెన్నేటి_గట్టు
బైపాస్ దగ్గర రెండు సెంట్ల స్థలం చిన్నాయన పేరుమీదే ఉంది. చీటీ పుస్తకం ఆమె దగ్గర ఉంది, అన్ని నెలలకూ చిన్నాయన సంతకాలున్నాయి. ఇది తమ్ముడికి చెప్తే ఇంట్లో మంటే. అయినా చెప్తా.

కర్నూలు_దక్కనీ
చెప్పు తమ్ముడూ. దువా చేస్తా.

సీమ_టపాకాయ్
దువా కంటే లాయరు నోటీసు త్వరగా పనిచేస్తుంది. రెండూ పంపించు.

నంద్యాల_టీచరమ్మ
పాస్టరయ్యతో కూడా మాట్లాడు నాయనా, విడిగా, గౌరవంగా. తమ్ముడు అడ్డం పెట్టుకున్నది ఆయన మాటనే కాబట్టి, క్షమాపణ వచ్చింది, బాకీ పోలేదు అని చెప్పాల్సిన నోరు కూడా ఆయనదే. చెప్పినచోటే, అందరి ముందే.

పెన్నేటి_గట్టు
పోయి అడిగా అక్కా. బాధపడ్డారు. నేను ఆ అర్థంతో చెప్పలేదయ్యా అన్నారు. తమ్ముడిని పిలిపిస్తానన్నారు, చర్చిలో చెప్పే సంగతి మాత్రం తేల్చలేదు. చనిపోయిన ఇంటి పరువు అంటున్నారు.

రాత్రి ఈ థ్రెడ్ మొత్తం అమ్మకు చదివి వినిపించా. పెద్దకొడుకు దగ్గర ఏమీ అనలేదు, మళ్లీ చదవమంది. పిల్లి, కోతి దగ్గర నవ్వింది. సిస్టరమ్మ పోస్టు అయిపోయాక మాత్రం ఒకటి అడిగింది: "మీ చిన్నాయన బతికి లేచి ఉంటే ఆ పూలామెకు కట్టేవాడంటావా?" నేను తెలీదన్నా.

కొండారెడ్డి_బురుజు
కట్టేవాడనే నమ్ముతా. నిజమైన మారుమనస్సు అయితే.

అనంత_సిస్టరమ్మ
ఆ "అయితే" పట్టుకునే కదా నాయనా ఇన్ని పోస్టులు.

మరియాపురం_కడప
అందుకే మేము చనిపోయినవాళ్ల కోసం ప్రార్థన చేస్తాం. తెలియదు కాబట్టి.

కొండారెడ్డి_బురుజు
మళ్లీ మొదలుపెట్టారా! చనిపోయినవాళ్ల కోసం ప్రార్థన ఏ వచనంలో ఉంది?

మరియాపురం_కడప
రెండవ మక్కబీయులు 12. ఓ, మీ బైబిల్లో ఆ పుస్తకం లేదు కదూ.

కొండారెడ్డి_బురుజు
అది పక్కన పెట్టండి, పసిబిడ్డకు నీళ్లు చల్లితే అది బాప్తిస్మమే కాదు, ముందు ఆ సంగతి తేల్చండి.

మోడరేటర్_సీమ
పసిబిడ్డల బాప్తిస్మం థ్రెడ్ నంబర్ పైన పిన్ చేసి ఉంది, 2019 నుంచి నడుస్తోంది. ఇద్దరూ అక్కడికి దయచేయండి. ఇక్కడ ఆస్తి, దావా గురించి రాసేవాళ్లు రాయొచ్చు. లీగల్ సర్వీసెస్ ఆఫీసుకు పోయేటప్పుడు ఆధార్, చీటీ పుస్తకం జిరాక్స్ తీసుకుపొమ్మని ఆమెకు చెప్పండి.